బిస్కట్ రంగు గోడా, కాస్త జరుగు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది మడతమంచం. అది లేచిందంటే పిన్ని లేచిందని అర్థం. హాలుకీ వంటింటికీ మధ్య సందులాంటి నడవా ఒకటుంది. అందులో రెండు గోడల మధ్యా ఇరికించినట్టు వేసుకుంటుంది పిన్ని ఆ మంచాన్ని. కుడిపక్క గోడ, ఎడమపక్క గోడ. పక్కల నుంచి దిగడానికి వీల్లేదు కాబట్టి కాళ్లవైపుకి జారుకుంటూ వచ్చి, చివర్నుంచి దిగుతుంది, పడవ దిగినట్టు. దిగీ దిగగానే మంచం మడిచి తలుపు వెనక నిలబెట్టాలి. లేకపోతే వంటింట్లోకి పిల్లి కూడా వెళ్లలేదు. మడిచేటప్పుడు అది కిర్రుమని ఓ అరుపు అరుస్తుంది. ఆ అరుపుకి అమ్మ లేచి స్టవ్ వెలిగిస్తుంది, అన్న లేచి తువ్వాలు వెతుక్కుంటాడు, వదిన అప్పుడే తెల్లారిందా అని గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ ఇంటికి అలారం గడియారం అవసరం ఎప్పుడూ పడలేదు.

తూనీగ మాత్రం ఆ అరుపుకి ముందే మేలుకుని, హాల్లో చాప మీద పడుకునే, నడవా గోడని చూస్తూ ఉంటుంది. తూనీగ అన్నది పిన్ని పెట్టిన పేరు. ఒకచోట కుదురుగా కూర్చోదు, ఒక పని మీద వాలినట్టే వాలి ఇంకోదాని మీదకి పోతుంది. చదువు మధ్యలో వదిలేసింది. టైపు నేర్చుకుంటానని వెళ్లి నేర్చుకోకుండా వచ్చింది. కానీ రంగుల దగ్గర మాత్రం వాలిన పిల్ల లేవలేదు. పాత పత్రికల్లో ఇళ్ల బొమ్మలు కత్తిరించుకుని, ఫోన్లో వీడియోలు అరగదీసి, కొట్ల అద్దాలకి ముక్కు ఆనించి చూసి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఇప్పుడు ఊళ్లో ఆమెని గోడలు జరిపే పిల్ల అంటారు.

ఆ ఊళ్లో గోడలు జరుగుతాయి మరి. పక్క గోడ మీదో ఎదుటి గోడ మీదో నప్పిన రంగు పడితే, బస్సులో సీటు మీది మనిషి ఇంకొకరికి చోటిచ్చినట్టు, గోడ కాస్త అటు జరుగుతుంది. గది ఆ మేరకి పెరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది రెండు రంగులకీ ఎంత పొసిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ చోటు ఎక్కణ్నుంచి వస్తుందని ఎవరూ అడగరు. పక్కింటివాళ్లకి మాత్రం మొదట్లో కాస్త గుబులుగా ఉంటుంది. టేపు పట్టుకుని తమ గదిని ఈ మూల నుంచి ఆ మూలకి కొలుచుకుంటారు. అంగుళం కూడా తగ్గలేదని తేలాక, పోట్లాడే అవకాశం పోయిందే అన్న మొహంతో టేపు చుట్టుకుని వెళ్లిపోతారు.

పళ్ల డాక్టరు గదిలో చోటు చాలక జనం మెట్ల మీద నిలబడి బుగ్గలు పట్టుకునేవారు. తూనీగ వెళ్లి ఆ బూడిదరంగు గోడ పక్కన ఆవపువ్వు పసుపు వేయించింది. సాయంత్రానికల్లా ఇంకో బల్ల పట్టేంత చోటొచ్చింది. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి, అద్దె గదిలో ఒకరు నిలబడితే ఒకరు కూర్చోవాల్సి వస్తోందని వచ్చారు. వాళ్లకి ముదురాకుపచ్చ చెప్పింది. తర్వాత కనిపిస్తే, ఇప్పుడు ఇద్దరం ఒకేసారి అలగడానికి కూడా చోటుంది అని చెప్పి నవ్వారు.

అన్నిట్లోకీ కష్టమైనది బిస్కట్ రంగు. పని ఇచ్చినవాళ్ల దగ్గర తూనీగ దాన్ని బేజ్ అంటుంది. ఇంట్లో అలా అంటే అమ్మకి అర్థం కాదు, బిస్కట్ రంగు అనాలి. తెల్లగోడ ఎవరొచ్చినా జరుగుతుంది, దానికి పట్టింపు లేదు. నీలం గోడ బతిమాలించుకుంటుంది. ఎర్రగోడ జరగకపోగా మీదకొస్తుంది. బిస్కట్ రంగు వీటిలో ఏదీ కాదు. గోధుమరంగు తెచ్చి పక్కన పెడితే బాగానే ఉందంటుంది. నీలం పెడితే అదీ బాగానే ఉందంటుంది. ఎవరితోనూ పేచీ లేదు, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఉన్నచోటు నుంచి మాత్రం కదలదు. బాగుండడం వేరు, జరగడం వేరు అని తూనీగ నేర్చుకున్నది ఆ రంగు దగ్గరే.

దానికీ ఒక కిటుకు పట్టింది. తెల్ల కాగితం ఒకటి గోడకి ఆనించి పెడితే చాలు, బిస్కట్ రంగు లోపల దాచుకున్న చాయ బయటపడుతుంది. ఒకటి గులాబీ వైపు మొగ్గుతుంది, ఒకటి పసుపు వైపు, ఒకటి ఎవరికీ తెలియకుండా పచ్చ వైపు. ఆ చాయ దొరికితే దానికి నప్పే రంగు ఇట్టే దొరుకుతుంది. ఊళ్లో ఎన్నో బిస్కట్ రంగు గోడల్ని అలాగే జరిపింది. సొంతింట్లో గోడ దగ్గరే ఆమె పప్పులుడకలేదు. కాగితం పెడితే పొద్దున పసుపు చూపించేది. మధ్యాహ్నం అదే గోడ గులాబీ చూపించేది. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి నీలంగా మసకబారేది. నిలకడలేని మనిషికి నిలకడలేని గోడే దొరికింది అనేవాడు అన్న.

అన్నాళ్లూ అదొక సరదా. వదినకి నెలలు నిండుతున్నకొద్దీ సరదా పోయింది.

ఉయ్యాల ఎక్కడ వేయాలన్నది ప్రశ్న. పడకగదిలో వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. హాల్లో అమ్మా తూనీగా పడుకున్నాక మిగిలేది చెప్పులు విడిచే చోటు. మిగిలింది నడవా. అందరి కళ్లూ అటు వెళ్లేవి, వెళ్లినవి చప్పున వెనక్కి వచ్చేసేవి. నడవా ఒక్క మంచానికే సరిపోదు, ఉయ్యాల కూడానా. చివరికి ఆ మాట పిన్నే ఎత్తింది, సూదిలో దారం ఎక్కిస్తూ, దారం వంకే చూస్తూ. నడవాలో ఉయ్యాల బాగుంటుందని, వంటింటి వెచ్చదనం తగులుతుందని అంది. ఆ తర్వాత, దారం ఎక్కాక, తనకి ఇంకో ఊళ్లో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పని కుదిరిందని, అక్కడే ఉండాలని, ఆదివారం వాళ్ల బండి వస్తుందని చెప్పింది.

అమ్మ ఉప్పు వేసిన కూరలో మళ్లీ ఉప్పు వేసింది. అన్న, ఎందుకు పిన్నీ అన్నాడు గానీ ఆ వాక్యానికి రెండో సగం అతని దగ్గర లేదు. వదిన ఏడ్చింది. నావల్లే కదా చిన్నత్తయ్యా అంటే, పిన్ని ఆమె తల నిమిరి, ఈ సమయంలో ఏడవకూడదని కసిరి, "నాకేమిటే, నాకు ఎక్కడైనా పర్లేదు" అంది.

అది పిన్ని మాట. కూరేం వండను అంటే ఏదైనా పర్లేదు. కిటికీ సీటా ఇవతలి సీటా అంటే ఎక్కడైనా పర్లేదు. తూనీగ ఆ మాట పుట్టినప్పట్నుంచీ వింటోంది. అమ్మ పనికి పోతే తూనీగకి జడ వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, బడి మానేస్తే ముందు చెవి మెలేసి తర్వాత అమ్మ ముందు వెనకేసుకొచ్చింది, అన్నీ పిన్నే. వంటింటి గట్టు పక్కన కుట్టుమిషను పెట్టుకుని ఊరందరికీ దిండు గలేబులు కుట్టింది. ఆ వారమంతా పిన్ని ఒకే గలేబు కుడుతూ, విప్పుతూ, మళ్లీ కుడుతూ ఉండటం తూనీగ చూసింది. ఎక్కడైనా పర్లేదన్న మనిషి కుట్టిన కుట్టు విప్పదు.

ఇక తూనీగ గోడతో తలపడింది. నడవాలో ఇటువైపు గోడ మీద తలుపంత పట్టీ గీసి రంగు వేస్తే, అటువైపు గోడ జరగాలి. ముందు ముదురు నీలం వేసింది. గోడ జరగలేదు సరికదా, పైకప్పు లేచింది. లేచి లేచి, బల్బు నక్షత్రమంత అయిపోయింది. వదిన దగ్గితే ఆ దగ్గు పైకి వెళ్లి, కాసేపటికి ఎవరో పెద్దమనిషి దగ్గులా తిరిగి వచ్చింది. బల్బు మార్చాలంటే ఎలా అని అన్న తల పట్టుకున్నాడు. నీలం గీకేసి ఇటుక రంగు వేసింది. గోడ ముందుకే వచ్చింది. నడవాలో అడ్డంగా నడవాల్సి వచ్చింది, తలుపు వెనక ఇరుక్కున్న కొక్కేనికి అన్న ప్యాంటు ఉండిపోయింది, ఆ రోజు అతను పెళ్లికి ముందు కుట్టించుకున్న ప్యాంటు వేసుకుని ఊపిరి బిగబట్టి ఆఫీసుకి వెళ్లాడు. ముదురాకుపచ్చ వేస్తే గోడ వేలెడంత జరిగింది. తూనీగ చప్పట్లు కొట్టబోయేలోపు, పొరపాటున వేరేవాళ్ల సీట్లో కూర్చున్న మనిషిలా మొహమాటపడి మళ్లీ యథాస్థానానికి వచ్చేసింది.

"వదిలేయవే" అంది పిన్ని, రంగు చుక్కలు తుడుస్తూ. "అది అక్కడ బాగానే ఉంది కదా. దాని మానాన దాన్ని ఉండనీ."

తూనీగకి ఒళ్లు మండింది. గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి, కాగితంలో చుట్టుకుని రంగుల కొట్టుకి వెళ్లింది.

రంగుల కొట్టాయన కొట్టు రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఊరందరికీ రంగులమ్మే మనిషి తన కొట్టుకి మాత్రం రంగు మార్చలేకపోయాడు. భార్యకీ ఆయనకీ ఏ రంగూ కుదరదు. ఆయన ఆ పెచ్చుని గుమ్మం దగ్గర ఎండలో పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, కళ్లజోడు తీసి చూశాడు. షేడ్ కార్డులన్నీ పరిచి ఒక్కోదాని పక్కనా పెట్టాడు. దేనితోనూ కలవలేదు.

"ఇది డబ్బాలోంచి వచ్చిన రంగు కాదమ్మాయ్" అన్నాడు చివరికి. గొంతు తగ్గించాడు, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. "ఇందులో చాలామంది ఉన్నారు. ఎవరు కలిపారో వాళ్లనే అడుగు."

అడగడం. ఊళ్లో ప్రతి ఇంటి గోడనీ అడిగింది, కాగితం పెట్టి అడిగింది, ఎండలో అడిగింది, దీపం పెట్టి అడిగింది. మనిషిని అడగాలని తోచలేదు. తూనీగ దారంతా తనని తాను తిట్టుకుంటూ నడిచింది.

అది శనివారం మధ్యాహ్నం. పిన్ని పెట్టె సర్దేసి, తాడు కట్టేసి, నడవా చివర పెట్టేసింది. తను లేకపోతే అక్కకి చెయ్యి ఆడదని, వంటింట్లో నేల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలిచి గిన్నెలో పోస్తోంది. కళ్లు నీళ్లు కారుతున్నాయి. అవి ఉల్లిపాయలకే కారుతున్నాయని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు.

తూనీగ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈ గోడల రంగు ఎవరు కలిపారని అడిగింది.

"నేనే. ఎందుకే, పాపం అదేం చేసింది?"

పిన్ని చేతులాపకుండానే చెప్పింది. నాన్న పోయాక పెద్దిల్లు ఖాళీ చేసి ఇందులోకి వచ్చారు కదా. అప్పుడు ఆ ఇంట్లో ప్రతి గదికీ వేయగా మిగిలిన రంగు డబ్బాల అడుగున ఉండిపోయింది. అమ్మా నాన్నల గదిది లేత పసుపు, నాన్నే ఏరి కోరి తెచ్చుకున్నది. అన్న గదిది నీలం. తూనీగ గదిది గులాబీ, అన్నం మానేసి మరీ వేయించుకుంది, వారానికే మొహం మొత్తింది. వంటింటిది పచ్చ. ఈ ఇంటికి రంగు వేయాలి, ఆ డబ్బాలు పారేయడానికి చేతులు రాలేదు. పెద్ద బకెట్టుతో తెల్ల రంగు తెచ్చి అన్నీ అందులో వంపేసింది.

"ముందు మురికినీళ్లలా తిరిగిందే. మీ అమ్మ చూసి, ఆయన పసుపు కాస్తా పాడుచేశావు కదే అని అటు తిరిగి నిలబడింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంకేం చేయాలో తెలీక కలుపుతూనే ఉన్నా. భుజం పడిపోయేదాకా కలిపా. ఉన్నట్టుండి ఇదిగో, ఇలా బిస్కట్ రంగయి కూర్చుంది. అందరూ ఉన్నారు కదా ఇందులో అని ఇల్లంతా అదే వేసేశాం."

తూనీగ లేచి నడవాలోకి వెళ్లింది. గోడకి అరచెయ్యి ఆనించింది. పొద్దున్నపూట కాగితం పక్కన కనిపించే పసుపు ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఆమె నాన్న గదిలోనే నిద్ర లేచింది. మధ్యాహ్నాలు తన చిన్నప్పటి మొండితనం గోడ మీద గులాబీగా కూర్చుంటే, అదేమిటో తెలియక కాగితాలు పెట్టి చూసుకుంది. గుళ్లో ఉన్నట్టుగానో, నిండు సభలో ఉన్నట్టుగానో, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. గోడ నిండా మనుషులున్నారు.

అప్పుడు లెక్క తేడా వచ్చింది. ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నీ డబ్బా ఏది పిన్నీ?"

"నాదేంటి?"

"నీ గదికి వేసిన రంగు. బకెట్లో నీది పోయలేదా?"

పిన్ని నవ్వింది, మోచేత్తో కన్ను తుడుచుకుంటూ. "నాకు గదెక్కడిదే పిచ్చిదానా? అక్కడా వరండాలోనేగా పడుకున్నది. గది లేని మనిషికి డబ్బా ఎక్కణ్నుంచి వస్తుంది?"

అది మామూలుగా అంది, ఇంట్లో బియ్యం అయిపోయాయి అన్నట్టు. అవతల హాల్లో గుడ్డలు మడతపెడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

తూనీగ మళ్లీ వచ్చి కూర్చుంది. నీకు ఏ రంగిష్టం అని అడిగింది. పిన్ని ఏమందో చెప్పక్కర్లేదు.

"ఏదైనా అనే రంగు కార్డులో లేదు పిన్నీ. ఉంటే నేనే తెచ్చేదాన్ని."

"చాల్లే, నీ వేళాకోళం."

"వేళాకోళం కాదు. చెప్పు."

ఇన్నాళ్లూ అడిగినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి జవాబు ఎక్కడ పెట్టిందో పిన్నికే గుర్తు లేనట్టుంది. ఒక ఉల్లిపాయ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది. తూనీగ, జీవితంలో మొదటిసారి, కదలకుండా కూర్చుంది. కాలు కూడా ఊపలేదు. ఇంకో పాయ ఒలుస్తూ ఒలుస్తూ పిన్ని ఆగింది. ఎండిపోయిన పై పొట్టుకీ లోపలి తెల్లటి కండకీ మధ్య పల్చటి పొర ఒకటుంటుంది. దాన్ని గోటితో మెల్లగా, చిరగకుండా లాగి, కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది.

"నవ్వకూడదు మరి" అంది.

ఎర్రగా లేదు, ఊదాగా లేదు, గులాబీ అందామంటే అంత గారాబంగా లేదు. చలికాలంలో పొద్దున ఆకాశం ఇంకా ఏ రంగూ తేల్చుకోకముందు ఉండే రంగు. లోపల సన్నటి ఈనెలు, చెవి వెనక నరాల్లా. దాని గుండా వచ్చిన వెలుతురు పిన్ని మొహం మీద పడింది. ఆ మొహం తూనీగ ఎప్పుడూ చూడలేదు.

"రోజూ చూస్తా" అంది పిన్ని. "పారేసే ముందు ఒక్క క్షణం వెలుతురులో పెట్టి చూస్తా. పారేయాలనిపించదు. ఎవరితోనూ అనలేదు. అనడానికేముంది, ఉల్లిపొర."

తూనీగ ఆ పొరని రెండు వేళ్లతో అందుకుని నడవాలోకి నడిచింది. పిన్ని చేతులు దులుపుకుంటూ వెనకే వచ్చింది. తడి ఆరని పొరని ఇటువైపు గోడ మీద పెట్టి వేలితో నొక్కింది. అంటుకుంది. వెనకనుంచి, అటువైపు గోడలోంచి, ఎప్పట్నుంచో బిగబట్టిన ఊపిరి ఒకటి వదిలినట్టయింది. పిన్ని చెంప మీది నెరిసిన వెంట్రుకలు కదిలాయి. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. గోడ పాదం దగ్గర సన్నటి గీతంత చోటు తెరుచుకుని ఉంది. అందులో పిన్ని ఏనాడో పోగొట్టుకుని చీపురుతో వెతికి వెతికి వదిలేసిన చొక్కా గుండీ ఒకటి మెరుస్తోంది.

పిన్ని వంగి గుండీ తీసుకుంది. కొంగు చివర కట్టుకుంది.

కొట్టు మూసేలోపు తూనీగ రంగులాయన ముందు ఉల్లిపాయ పెట్టింది. ఆయన, కూరలకొట్టు పక్క సందులో ఉందని చెప్పబోయి, ఆమె మొహం చూసి, రంగులు కలిపే మిషను ఆన్ చేశాడు.

ఆదివారం పొద్దున్నే అన్న బండివాళ్లకి ఎదురెళ్లాడు, ఇల్లు చూపించడానికి. ఆ లోపు తూనీగ నడవా నేల మీద పాత దుప్పటి పరిచి, డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, తనే వేయబోయింది. చెయ్యి గోడదాకా వెళ్లి ఆగింది. బ్రష్షు పిన్నికిచ్చింది.

"నాకు రాదే."

"రానవసరం లేదు. నీ రంగు, నువ్వు వెయ్యి."

నడవా ఎంత సన్నదంటే, పిన్ని ఇటు గోడకి రంగు వేయాలంటే వీపు అటు గోడకి ఆనించాల్సిందే. అలాగే ఆనించి, పమిట దోపుకుని, పై నుంచి కిందకి ఒక పెద్ద చార లాగింది. తర్వాత దాని పక్కన ఇంకోటి. మొదట్లో భయంభయంగా వేసింది. పోనుపోను దిండు మీద కుట్టు పరిగెత్తించినట్టు, చెయ్యి దానంతటదే పోయింది. తడి ఉల్లిపొర రంగు గోడంతా పాకుతోంది. ఆమె దాన్నే చూస్తోంది. అందుకే వెనక జరిగేది ఆమెకి కనిపించలేదు.

హాలు గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. వదిన ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని ఉంది. చప్పుడు లేకుండా, పెచ్చు రాలకుండా, బిస్కట్ రంగు గోడ వెనక్కి వెళుతోంది. ఊళ్లో ఎన్ని గోడలు జరిగినా ఎవరూ వింతగా చూడరు. ఈ గోడ జరుగుతుంటే చూడకుండా ఉండలేకపోయారు. అది చోటివ్వడంలా లేదు. నిండా నిద్రపోయిన మనిషి ఒళ్లు విరుచుకున్నట్టుంది. అది వెళుతున్నకొద్దీ దాని కింద నుంచి నేల వస్తోంది, అదే గచ్చు, అవే గళ్లు, కానీ ఒక్క అడుగైనా పడని నేల. వంటింటి కిటికీ వెలుతురు అంతకుముందు గుమ్మం దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడది ఆ కొత్త నేల మీదకి నెమ్మదిగా వచ్చి, గోడ మీదకి పాకింది. పాకినంత మేరా గోడ లేత పసుపయింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పసుపు ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపలి బిడ్డ కాలితో తన్నింది కాబోలు, వదిన ఉలిక్కిపడి పొట్ట చూసుకుంది.

పిన్ని చివరి చార లాగి, అలసిపోయి, ఎప్పట్లాగే వీపు వెనక్కి వాల్చింది. వెనక గోడ లేదు. తూలి, నిలదొక్కుకుని, చెయ్యి వెనక్కి చాపింది. అందలేదు. ఇంకా చాపింది. అందలేదు. అప్పుడు తిరిగి చూసింది.

బ్రష్షు నుంచి ఒక చుక్క, ఎవరూ తొక్కని ఆ నేల మీద పడింది.

అంతలో వీధి గుమ్మంలోంచి అన్న వచ్చాడు, వెనక బండి హారన్ మోగుతుండగా. అందరూ బొమ్మల్లా నిలబడి ఉండటం చూసి కంగారుపడ్డాడు. "ఏం జరిగింది?" అన్నాడు.

"గోడ" అంది అమ్మ.

అన్న చూశాడు. చేతిలో తాడుంది, పెట్టె బండికి కట్టడానికి తెచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక మెడలో వేసుకున్నాడు. బయట హారన్ మళ్లీ మోగింది. పిన్ని అలవాటు కొద్దీ పెట్టె వైపు ఒక అడుగు వేసింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కొడుకు వైపు తిరిగింది.

"దాని గది సర్దుకోవాలి, ఇప్పుడు రావడం కుదరదని చెప్పి పంపించెయ్" అంది.

దాని గది. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టడం ఆ ఇంట్లో అదే మొదలు. రెండు మాటలకీ ఎంత పొసిగిందో, గోడ ఇంకో జానెడు జరిగింది.

అన్న వెళ్లి ఏం చెప్పాడో ఏమో, బండి వెళ్లిపోయింది. హాస్టల్ వాళ్లకి ఎవరో ఒకరు దొరుకుతారని, ఇక్కడికి మాత్రం ఇంకొకరు దొరకరని వదిన అంది. మధ్యాహ్నానికి పక్కింటాయన టేపుతో వచ్చి కొలుచుకుని, నిట్టూర్చి వెళ్లాడు. ఉయ్యాలకి కొక్కెం ఒక మూల దిగ్గొట్టారు. ఇంకా బోలెడు చోటు మిగిలింది. మడతమంచం తెచ్చి, ఏ గోడకీ ఆనకుండా, సరిగ్గా మధ్యలో వేశారు. పిన్ని పడుకోబోతూ, మంచాన్ని ఒక గోడ వైపుకి కాస్త నెట్టబోయింది. తూనీగ గుర్రుగా చూసేసరికి మానుకుంది.

మర్నాడు ఆ ఇంట్లో ఎవరూ వేళకి లేవలేదు. మడవాల్సిన పని లేని మంచం కిర్రుమనలేదు. అమ్మ పొయ్యి వెలిగించలేదు, అన్న ఆఫీసు టైము దాటిపోయింది, వదిన ఇన్నాళ్ల బాకీ నిద్ర అంతా తీర్చుకుంటోంది. ఎండ హాల్లోకి వచ్చి మొహం మీద పడ్డాక తూనీగకి మెలకువ వచ్చింది. లేచి నడవా వైపు వెళ్లింది, ఇప్పుడు దాన్ని నడవా అనడానికి లేదు గానీ.

పిన్ని లేచే ఉంది. మంచం మధ్యలో, కాళ్లు ముడుచుకుని, దుప్పటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక పక్కన ఉల్లిపొర రంగు గోడ. ఇంకో పక్కన, దూరంగా, ఉదయపు పసుపులో బిస్కట్ రంగు గోడ. రెంటికీ మధ్య అటూ ఇటూ నేలే నేల. కాళ్లవైపుకి జారడానికి కాస్త ముందుకి వంగి, మళ్లీ ఆగి, కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. ఎంతసేపట్నుంచి అలా కూర్చుందో.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదే" అంది పిన్ని, సిగ్గుపడుతున్నట్టు. "ఎటు దిగాలా అని చూస్తున్నా."

ఎటైనా పర్లేదు అన్న మాట తూనీగ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే మింగేసింది. వెళ్లి గుమ్మానికి ఆనుకుని, కింద కూర్చుంది.

"ఆలోచించుకో" అంది. "తొందరేం లేదు."